పాల పరీక్షలు, పొదుగు పరీక్షలు: ఏ అనుమానానికి ఏది వాడాలి

వెన్న శాతం తగ్గలేదు, లాక్టోమీటరు సరిగ్గానే తేలింది, కాస్తే పాలు విరగలేదు. ఇక ఆవు పొదుగుకు ఏ ఢోకా లేదనుకుంటారు చాలామంది. ఈ మూడూ పొదుగు గురించి చెప్పేది చాలా తక్కువ. పొదుగువాపు మొదలైనప్పుడు పాలలో లాక్టోజ్ (పాల చక్కెర) తగ్గుతుంది, ఆ లోటును పూడ్చడానికి రక్తంలోంచి సోడియం, క్లోరైడ్ వచ్చి చేరతాయి. కేసీన్ అనే పాల ప్రోటీన్ తగ్గి రక్తపు ప్రోటీన్లు కలుస్తాయి కాబట్టి మొత్తం ప్రోటీన్ శాతం కాగితం మీద దాదాపు మారదు. చీజ్ లేదా పనీర్ చేసేవారికి మాత్రం దిగుబడి పడిపోయినట్టు తెలుస్తుంది. లాక్టోమీటరు కాస్త కిందికి దిగినా, మేత మారినందుకో ఈనిన నెలలు పెరిగినందుకో కూడా అంతే దిగుతుంది. కొలిచేది ఒకటి, మనం తెలుసుకోవాలనుకునేది మరొకటి.

పరీక్ష ఎంచుకునే ముందు కావలసిన జవాబేమిటో తేల్చుకోండి. పొదుగులో వాపు ఉందా? ఉంటే ఏ చన్నులో? కారణం ఏ క్రిమి? ఈ పాలను కొనేవారు తీసుకుంటారా, తిప్పి పంపుతారా? నాలుగింటికీ ఒకే పరికరం జవాబు చెప్పదు. చెబుతుందని ఎవరైనా అమ్మజూపితే కొనకండి.

రోజూ చేయాల్సింది: మొదటి ధారల పరీక్ష

దీనికి పోటీ లేదు, ప్రత్యామ్నాయం కూడా లేదు. ప్రతి పూటా పితికే ముందు ఒక్కో చన్ను నుంచి మూడు నాలుగు ధారలు నల్లటి అడుగున్న కప్పులోకి పిండి చూడాలి. తరకలు, గడ్డలు, నీళ్లలాంటి పాలు, రక్తపు జీర కనిపిస్తే అది బయటపడిన పొదుగువాపు. నేల మీదికి పిండితే రెండు నష్టాలు: తడి గచ్చు మీద సన్నటి తరకలు కనిపించవు, పైగా క్రిములున్న పాలు పక్క ఆవు పడుకునే చోటికి చేరతాయి. అరచేతిలోకి పిండడం ఇంకా చెడ్డది. అదే చెయ్యి తర్వాతి చన్నును పట్టుకుంటుంది.

నీళ్లపాలు ఒక్కటే లక్షణమైతే కప్పును కొద్దిగా వంచి, పక్క చన్ను పాలను దాని పక్కనే పారించి చూడండి. విడిగా చూస్తే బాగానే ఉన్నట్టుండే పాలు పక్కపక్కన పెడితే తేడా చూపిస్తాయి.

ఈ పరీక్ష పట్టుకోలేనిది బయటికి ఏ లక్షణమూ లేని పొదుగువాపు. పాలు తెల్లగా ఉంటాయి, పొదుగు మెత్తగా ఉంటుంది, ఆవు మేత మేస్తుంది. దిగుబడి మాత్రం మెల్లగా జారుతుంది. కింది పరీక్షలన్నీ దాని కోసమే.

సీఎంటీ: పెట్టిన ఖర్చుకు ఎక్కువ చెప్పేది

కాలిఫోర్నియా మాస్టైటిస్ (పొదుగువాపు) టెస్ట్, అంటే సీఎంటీ, 1957 నుంచి వాడుకలో ఉంది. పాలలోని తెల్ల రక్తకణాలను డిటర్జెంట్ పగలగొడితే లోపలి డీఎన్‌ఏ బయటికొచ్చి పాలను జిగురుగా మారుస్తుంది. కణాలు ఎంత ఎక్కువుంటే జిగురు అంత చిక్కన. ఈ పరీక్ష మందులో బ్రోమోక్రెసాల్ పర్పుల్ రంగు కూడా ఉంటుంది. పాలు క్షారంగా మారితే ఊదా ముదురుతుంది. చూడాల్సింది ప్రధానంగా జిగురునే, రంగు దానికి తోడు మాత్రమే.

చేసే తీరు: మొదటి ధారలు పారేశాక నాలుగు గిన్నెల పళ్లెంలో ఒక్కో చన్ను పాలు ఒక్కో గిన్నెలోకి పిండండి. పళ్లెం పిడి ఎప్పుడూ ఒకే వైపు ఉండాలి, లేకపోతే ఏ గిన్నె ఏ చన్నుదో కాసేపటికి మీకే తెలియదు. పళ్లెం వంచి గీత వరకు పాలు ఉంచి మిగతావి ఒంపేస్తే గిన్నెకు 2 నుంచి 3 మిల్లీలీటర్లు మిగులుతాయి. సీసా మీద చెప్పినట్టు నీళ్లు కలిపి తయారుచేసిన మందును పాలకు సమానంగా పోయండి. పళ్లాన్ని అడ్డంగా గుండ్రంగా 10 సెకన్లు తిప్పండి. తిప్పుతూనే, 20 సెకన్ల లోపు ఫలితం చూసేయాలి. తక్కువ జిగురైతే ఇంకాసేపట్లో విడిపోయి కనిపించకుండా పోతుంది. అక్కడ గిన్నె కడిగి మళ్లీ పిండడం తప్ప దారి లేదు.

గిన్నె వంచినప్పుడు పాలు నీళ్లలా జారితే బాగున్నట్టు, అంటే మిల్లీలీటరుకు రెండు లక్షల కణాల లోపు. అడుగున సన్నటి పొరలాంటిది కనిపించి తిప్పేకొద్దీ మాయమైతే ‘అనుమానం’, దాదాపు లక్షన్నర నుంచి 5 లక్షల వరకు. చిక్కబడి కూడా గడ్డ కట్టకపోతే ఒకటో స్థాయి, 4 నుంచి 15 లక్షలు. తిప్పుతుంటే మధ్యకు చేరి, ఆపగానే మళ్లీ పరుచుకుంటే రెండు, 8 నుంచి 50 లక్షలు. మధ్యలో గుమ్మటంలా పైకి లేచి అడుగుకు అంటుకుని, వంచినా ముద్దగా జారితే మూడు, 50 లక్షల పైన. ఈ హద్దులు ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయని గమనించే ఉంటారు. కంటితో చూసే పరీక్షకు అంతకంటే కచ్చితత్వం రాదు. అందుకే ఒక ఇంట్లో ఈ పని ఎప్పుడూ ఒకరే చేస్తే మంచిది.

తప్పులు ఎక్కడ జరుగుతాయంటే:

ఈనిన మొదటి నాలుగైదు రోజులు ముర్రుపాలలో కణాలు సహజంగానే ఎక్కువ, నాలుగు చన్నులూ పాజిటివ్ చూపించవచ్చు. ఒక్క చన్ను మాత్రమే చూపిస్తే అప్పుడు అనుమానించండి. వట్టిపోయే ముందు పాలు బాగా తగ్గినప్పుడూ ఇదే గోల.

పితికిన తర్వాత చివరి పాలలో కణాలు ఎక్కువుంటాయి. ఒక నెల ముందు పాలతో, మరుసటి నెల చివరి పాలతో చేసి రెండూ పోల్చకూడదు.

నిల్వ ఉంచిన పాలతో చేయాల్సి వస్తే మెల్లగా పదిసార్లు తలకిందులు చేసి కలపాలి. కణాలు మీగడతో పాటు పైకి చేరతాయి కాబట్టి అడుగు పాలతో చేస్తే లేనిపోని ధైర్యం వస్తుంది.

చికిత్స అయిన వారానికే సీఎంటీ చేసి ‘మందు పనిచేయలేదు’ అని తేల్చేయడం అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు. క్రిమి చచ్చినా కణాలు దిగడానికి మూడు నాలుగు వారాలు పట్టవచ్చు.

మందు దొరకని చోట బట్టల సబ్బు పొడిని 3 శాతం పాళ్లలో, అంటే లీటరు నీటికి 30 గ్రాములు కలిపి, పాలకు సమానంగా పోసి చేసే పద్ధతి ఒకటుంది. సూత్రం అదే. కాకపోతే పొడి మారితే బలం మారుతుంది, రంగు సూచన ఉండదు, తక్కువ స్థాయి కేసులు జారిపోతాయి. ఏమీ లేనప్పుడు ఇదైనా నయం, సీఎంటీ మందు చేతిలో ఉంటే మాత్రం దీని జోలికి పోనక్కర్లేదు.

కండక్టివిటీ మీటరు, రంగు కాగితాలు

సోడియం, క్లోరైడ్ పెరిగితే పాలలో విద్యుత్తు సులభంగా ప్రవహిస్తుంది. మంచి పాలు 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర సెంటీమీటరుకు సుమారు 4 నుంచి 5.5 మిల్లీసీమెన్స్ (కండక్టివిటీ కొలత) చూపిస్తాయి. చేతి మీటరుతో వచ్చే చిక్కేమిటంటే ఆ అంకె ఒక్కదానికీ పెద్ద విలువ లేదు. వేడి ఒక డిగ్రీ మారితే రీడింగు దాదాపు 2 శాతం మారుతుంది, వెన్న ఎక్కువైతే తగ్గుతుంది, ఆవుకూ ఆవుకూ తేడా ఉంటుంది. ఒకే ఆవు నాలుగు చన్నులను ఒకే పూట కొలిచి, ఏదో ఒకటి మిగతావాటి కంటే 10, 15 శాతం ఎక్కువుంటే దాన్ని అనుమానించడం సరైన వాడకం. నాలుగు చన్నులకూ ఒకేసారి జబ్బుంటే ఈ పోలిక కూడా పనికిరాదు.

అందుకే చేతితో వాడే మీటరు కొనమని సలహా ఇవ్వం. పితికే యంత్రంలోనే బిగించి ప్రతి పూటా తనంతట తాను రాసుకునే సెన్సరు సంగతి వేరు. అది ఆవు నిన్నటి అంకెతో నేటి అంకెను పోలుస్తుంది, అక్కడ విలువ వస్తుంది. అది హెచ్చరించిన ఆవుకు మళ్లీ సీఎంటీ చేసి నిర్ధారించుకోవాలి.

పీహెచ్ చూపే రంగు కాగితాలు చవక, జేబులో పెట్టుకోవచ్చు. మంచి పాల పీహెచ్ 6.6 నుంచి 6.8. పొదుగువాపులో 7 దాటవచ్చు. దాటేసరికి జబ్బు చాలావరకు ముదిరే ఉంటుంది. పాలు వట్టిపోయే దశలో ఆరోగ్యంగా ఉన్న ఆవు పాలూ క్షారం వైపు జరుగుతాయి. సీఎంటీ చేయడానికి ఓపిక ఉన్నవారికి ఈ కాగితాలు అవసరం లేదు.

కణాల లెక్క: చన్నుదా, ఆవుదా, ట్యాంకుదా

సీఎంటీ ఊహించి చెప్పే దాన్ని యంత్రం లెక్కపెట్టి చెబుతుంది. కణాలకు మెరిసే రంగు పట్టించి ఒక్కొక్కటిగా లెక్కించడం దీని పద్ధతి. ఆరోగ్యమైన చన్నులో సాధారణంగా మిల్లీలీటరుకు లక్ష లోపే ఉంటాయి. ఆవు నాలుగు చన్నుల కలగలుపు పాలకు రెండు లక్షలను హద్దుగా పెట్టుకుంటారు. కొనేవారి హద్దు దీనికంటే వదులు: ట్యాంకు పాలకు యూరోపియన్ యూనియన్‌లో 4 లక్షలు, అమెరికాలో 7.5 లక్షలు. అమ్ముడుపోతున్నాయంటే మంద బాగుందని కాదు.

ఎక్కడి పాలు పంపామన్నది యంత్రం కంటే ముఖ్యం. ఒక ఆవుకు మూడు చన్నుల్లో 50 వేలు, నాలుగోదానిలో 5 లక్షలు ఉన్నాయనుకోండి. నాలుగూ సమానంగా పాలిస్తే సగటు 1,62,500. రెండు లక్షల లోపే వచ్చింది, రిపోర్టులో ఆవు ఆరోగ్యంగా కనిపిస్తుంది. అదే పూట సీఎంటీ చేస్తే ఆ ఒక్క గిన్నె చిక్కబడి ఉండేది.

ట్యాంకులో ఈ దాపరికం ఇంకా ఎక్కువ. పది ఆవుల్లో తొమ్మిది లక్ష కణాలతో తలా 20 లీటర్లు, ఒకటి 30 లక్షల కణాలతో 10 లీటర్లు ఇస్తే ట్యాంకు లెక్క రెండున్నర లక్షలు. పెద్దగా భయపెట్టే అంకె కాదు. ట్యాంకులోని కణాల్లో మాత్రం 60 శాతానికి పైగా ఆ ఒక్క ఆవువే. ట్యాంకు లెక్క ఉన్నట్టుండి పెరిగితే మందంతటికీ మందులు వేయకుండా ఒకటి రెండు ఆవుల కోసం వెతకమనేది ఇందుకే. ట్యాంకు అంకె మందలో గాలి ఎటు వీస్తోందో చెబుతుంది, ఆవు పేరు చెప్పదు.

నెలనెలా ఆవువారీగా లెక్క తీయించేవారు ఒక్క అంకెను పట్టుకుని కూర్చోకుండా రెండు నెలలను జతగా చదవాలి. పోయిన నెల రెండు లక్షల లోపు, ఈ నెల పైన ఉంటే కొత్తగా సోకింది. రెండు నెలలూ పైనే ఉంటే పాతుకుపోయింది. కొత్తవి పెరుగుతుంటే పితికే పద్ధతి, చన్నులను మందులో ముంచడం, పడక తడి చూసుకోవాలి. పాతవే మిగిలిపోతుంటే చికిత్స, వట్టిపోయేటప్పుడు వేసే మందు, కొన్నిసార్లు ఆ ఆవును వదిలించుకోవడం గురించి ఆలోచించాలి. కొన్ని రిపోర్టుల్లో లీనియర్ స్కోరు అని ఉంటుంది: లక్షకు 3, రెండు లక్షలకు 4, నాలుగు లక్షలకు 5. ఒక్కో మెట్టుకు కణాలు రెట్టింపు.

చేతిలో ఇమిడే కణాల యంత్రాలు నిమిషాల్లో జవాబిస్తాయి, కానీ ప్రతి పరీక్షకూ కొత్త క్యాసెట్ కావాలి. రోజూ నిర్ణయాలు తీసుకునే పెద్ద డెయిరీకి కుదురుతుంది. పదీ పదిహేను ఆవులవారికి నెలకోసారి సీఎంటీ, అప్పుడప్పుడు ల్యాబు లెక్క చాలు.

కల్చరా, పీసీఆరా

వాపు ఉందని తెలిశాక వచ్చే ప్రశ్న ఏ క్రిమి అని. పాల శాంపిల్‌లోని క్రిమిని పెంచి గుర్తించడమే కల్చర్. ఇక్కడ పరీక్ష విలువంతా శాంపిల్ తీసే చేతుల్లో ఉంది.

సీసా మీద ఆవు నంబరు, చన్ను, తేదీ ముందే రాయండి, తడిసిన సీసా మీద పెన్ను పడదు. చన్నులు తుడిచి పొడిగా చేసి, మొదటి మూడు నాలుగు ధారలు పారేసి, 70 శాతం ఆల్కహాల్‌లో తడిపిన దూదితో చన్ను కొనను రుద్దండి. చన్నుకొక కొత్త దూది, దూది మీద మురికి కనిపించనంత వరకు. తుడిచేటప్పుడు మీకు దూరంగా ఉన్న చన్నులతో మొదలుపెట్టాలి, పాలు పట్టేటప్పుడు దగ్గర చన్నులతో. ఈ క్రమం తప్పితే శుభ్రం చేసిన చన్నుకు మీ చెయ్యి తగులుతుంది. సీసాను నిట్టనిలువుగా పట్టుకుంటే పైనుంచి పేడ పొడి, వెంట్రుకలు రాలతాయి, ఏటవాలుగా పట్టండి. మూత లోపలి వైపు కిందికి ఉండాలి, నేల మీద పెట్టకూడదు. 5 నుంచి 10 మిల్లీలీటర్లు చాలు. వెంటనే ఐసులో పెట్టి ఒక రోజులోపు ల్యాబుకు చేర్చాలి. కుదరకపోతే గడ్డకట్టించవచ్చు, కాకపోతే ఈ. కోలై లాంటివి అందులో కొంత చచ్చిపోతాయి. కణాల లెక్క కోసం ఇచ్చే సీసాల్లో క్రిములు పెరగకుండా బ్రోనోపాల్ అనే నిల్వ మందు వేసి ఉంటుంది. ఆ సీసా కల్చర్‌కు పనికిరాదు. సీఎంటీ గిన్నెలోని పాలూ అంతే.

ఒకే శాంపిల్‌లో మూడు, అంతకంటే ఎక్కువ రకాల క్రిములు మొలిస్తే అది జబ్బు వివరం కాదు, శాంపిల్ మురికైందని అర్థం. మళ్లీ తీయాలి.

ఏమీ మొలవకపోవడం కూడా తరచుగా జరుగుతుంది. ఈ. కోలై వచ్చిన ఆవు, లక్షణాలు కనిపించేసరికే క్రిమిని తనంతట తాను తరిమేసి ఉండవచ్చు. స్టెఫైలోకాకస్ ఆరియస్ అయితే ఒక రోజు పాలలోకి దిగుతుంది, మరో రోజు దిగదు. ఒక్కసారి దొరకలేదని ఆవును వదిలేయకండి, కణాలు ఎక్కువగానే ఉంటే కొన్ని రోజుల తేడాతో మళ్లీ పంపండి. యాంటీబయాటిక్ ఎక్కించాక తీసిన శాంపిల్‌లో ఏమీ దొరక్కపోతే దానికి విలువ లేదు. మైకోప్లాస్మా అనే క్రిమి మామూలు కల్చర్‌లో మొలవదు, విడిగా అడగాలి, వారం పది రోజులు పడుతుంది.

పీసీఆర్ క్రిమి డీఎన్‌ఏను వెతుకుతుంది కాబట్టి కొన్ని గంటల్లోనే చెప్పగలదు, నిల్వ మందు కలిపిన పాలతోనూ పనిచేస్తుంది, మైకోప్లాస్మాకు ఇదే నయం. చచ్చిన క్రిమికీ బతికిన క్రిమికీ తేడా చెప్పలేదు. పితికే యంత్రం మీటరు నుంచి తీసిన పాలను పంపితే ముందు ఆవు పాల మిగులు కలిసి, లేని జబ్బు అంటగట్టే ప్రమాదం ఉంది. ఏ యాంటీబయాటిక్ పనిచేస్తుందో తేల్చడానికి బతికిన క్రిమి కావాలి, అది కల్చర్ నుంచే వస్తుంది. మొత్తం మీద ఒక్కో ఆవు చికిత్స కోసమైతే కల్చర్, మందలో ఫలానా క్రిమి ఉందా అని వెతకడానికి పీసీఆర్.

డెయిరీలోనే చేసుకునే కల్చర్ ప్లేట్లు మూడో దారి. 37 డిగ్రీల ఇంక్యుబేటరులో 24 గంటలు ఉంచితే క్రిమి గ్రామ్ పాజిటివా, నెగటివా (బ్యాక్టీరియాలో రెండు పెద్ద వర్గాలు), అసలు మొలవలేదా అన్నది తెలుస్తుంది. మొలవని కేసులకు, గ్రామ్ నెగటివ్ వాటిలో చాలావాటికి పొదుగులోకి యాంటీబయాటిక్ ఎక్కించే పని తప్పుతుంది. ఆ నిర్ణయం పశువైద్యుడితో కలిసి ముందే రాసిపెట్టుకోవాలి. జ్వరం వచ్చి మేత మానేసిన ఆవుకు ప్లేటు కోసం ఎదురుచూడకూడదు, అప్పటికప్పుడు వైద్యం మొదలుపెట్టాలి.

పాలు తిప్పి పంపినప్పుడు

బ్యాక్టీరియా ఎక్కువగా ఉందంటే అది చాలాసార్లు పొదుగు తప్పు కాదు, కడగని పాత్రల, ఆలస్యంగా చల్లబరిచిన పాల తప్పు. కణాలు తక్కువ, బ్యాక్టీరియా ఎక్కువ అయితే గొట్టాలు, చన్నుకు తొడిగే రబ్బరు లైనర్లు, కూలరు చూడండి. కణాలు ఎక్కువ, బ్యాక్టీరియా తక్కువ అయితే పొదుగులు చూడండి. రెండూ ఎక్కువైతే స్ట్రెప్టోకాకస్ అగలాక్టియే, యూబెరిస్ లాంటివి ఒకటి రెండు ఆవుల నుంచే ట్యాంకులోకి కోట్లలో దిగుతున్నాయేమో కనుక్కోవాలి. 10 మిల్లీలీటర్ల పాలలో ఒక మిల్లీలీటరు మిథిలీన్ బ్లూ అనే నీలి రంగు వేసి 37 డిగ్రీల దగ్గర ఉంచే పరీక్ష అరగంట లోపే తెల్లబడితే పాలు బాగా చెడ్డవి. అయితే చల్లగా నిల్వ ఉంచిన పాలలో పెరిగే బ్యాక్టీరియాను ఇది సరిగా పట్టదు.

యాంటీబయాటిక్ అవశేషాలకు స్ట్రిప్పులు నిమిషాల్లో జవాబిస్తాయి, కానీ తాము వెతికే మందుల కుటుంబాన్ని మాత్రమే పట్టుకుంటాయి. 64 డిగ్రీల దగ్గర దాదాపు మూడు గంటలు ఉంచే సూక్ష్మజీవి పరీక్ష ఎక్కువ మందులను చూస్తుంది: పసుపు వస్తే పాలు మంచివి, ఊదా అలాగే నిలిస్తే అనుమానం. ఇది ట్యాంకు పాలకు తయారైనది. పొదుగువాపున్న ఒక్క ఆవు పాలతో చేస్తే, వాపు వల్ల పెరిగే లాక్టోఫెర్రిన్ లాంటి పదార్థాలే ఊదా నిలిపి తప్పుదారి పట్టిస్తాయి. మందు చీటీ మీద రాసిన గడువు దాటాకే పాలు కలపడం దీనికంటే నమ్మకమైన పద్ధతి.

మీ మందకు ఏది

రెండు నుంచి పది ఆవులు: పూటపూటా మొదటి ధారలు, నెలకోసారి అన్ని చన్నులకూ సీఎంటీ, వట్టిపోయేముందు ఇంకోసారి. రెండు, మూడు స్థాయిలు వచ్చిన చన్నులకు కల్చర్. పదికి పైన ఉంటే ఆవువారీ నెలవారీ కణాల లెక్క జతచేసి, రెండు లక్షలు దాటిన ఆవులకే సీఎంటీ చేస్తే శ్రమ తగ్గుతుంది. రోబోతో పితికేవారు సెన్సరు హెచ్చరికను నిర్ధారణ అనుకోకూడదు.

పాలిస్తున్న ఆవును కొనేటప్పుడు అమ్మేవారు పితికేలోపే వెళ్లి నాలుగు చన్నులకూ సీఎంటీ చేయండి. ఈని వారం కూడా కాకపోతే ఫలితాన్ని నమ్మకండి, కొన్నాళ్లాగి మళ్లీ చేయండి. ఒక్క చన్ను చిక్కబడినా కల్చర్ రిపోర్టు వచ్చేదాకా బేరం ఖాయం చేయకండి. ముందే తెచ్చేసుకుంటే రిపోర్టు వచ్చేదాకా మందలో చివరన పితకండి, ఆ తర్వాత ఆ యంత్రపు గొట్టాలు, లైనర్లు కడగకుండా మరో ఆవుకు పెట్టకండి.